కౌంటర్ అవతలి పని ఇప్పుడు మీది: ఫోన్‌లో బ్యాంకింగ్ చేసేవాళ్ళకు ఒక పాత గుమాస్తా సూచనలు

నేను బ్యాంకులో చేరిన రోజుల్లో ఒక చెక్కు డబ్బుగా మారి చేతికి రావాలంటే కనీసం ముగ్గురి కళ్ళు దాని మీద పడాలి. కౌంటర్‌లో గుమాస్తా చెక్కు తీసుకుని, టోకెన్ ఇచ్చి, లెడ్జర్ తిరగేసి ఖాతాలో అంత డబ్బుందో లేదో చూసేవాడు. తేదీ చూసేవాడు. అంకెల్లో రాసిందీ అక్షరాల్లో రాసిందీ ఒకటేనా అని చూసేవాడు. అక్కడి నుంచి చెక్కు పాసింగ్ ఆఫీసర్ బల్ల మీదికి వెళ్ళేది. ఆయన నమూనా సంతకాల కార్డు తీసి పోల్చి, అప్పుడు తన సంతకం పెట్టేవారు. ఆ తర్వాతే క్యాషియర్ టోకెన్ నంబరు పిలిచేవాడు. సాయంత్రం తలుపులు మూశాక ఆ రోజు వోచర్లన్నీ డే బుక్‌తో టాలీ చేసేవాళ్ళం. తేడా వస్తే, అది ఎంత చిన్నదైనా, దొరికేదాకా ఎవరమూ ఇంటికి కదిలేవాళ్ళం కాదు.

బయట బెంచీ మీద కూర్చున్న ఖాతాదారుకు ఇదంతా ఆలస్యంగానే కనిపించేది. కానీ ఆ ఆలస్యంలో నాలుగు పనులు జరిగేవి. డబ్బు ఎవరికి వెళ్తోందో చూడటం, అడుగుతున్నది నిజంగా ఖాతాదారేనా అని చూడటం, అనుమానం వస్తే ఆపడం, రోజు చివర లెక్క సరిచూడటం. ఇంటర్నెట్ వచ్చి క్యూ తీసేసింది. ఈ నాలుగు పనుల్లో కొంత కంప్యూటర్‌కు అప్పగించి, మిగిలింది మీ చేతిలో పెట్టింది. పెట్టినట్టు మీకెవరూ చెప్పలేదు, ఎలా చేయాలో నేర్పనూ లేదు. సర్వీసు చివరి ఏళ్ళలో నేను ఫిర్యాదుల డెస్కులో కూర్చున్నాను. డబ్బు పోగొట్టుకుని అక్కడికి వచ్చినవాళ్ళలో టీచర్లు, ఇంజనీర్లు, లెక్కల్లో నాకన్నా గట్టివాళ్ళు ఉండేవారు. ఈ పనుల్లో ఏదో ఒకటి తమ బాధ్యత అని వాళ్ళకు తెలియలేదు, అంతే. అందుకే కౌంటర్ అవతల మేం ఏం చేసేవాళ్ళమో, దాన్నే ఇప్పుడు ఫోన్ పట్టుకుని మీరెలా చేయాలో రాస్తున్నాను.

అసలు ఏం మారింది?

బ్యాంకులో యంత్రం కొత్త సంగతి కాదు. 1967లో లండన్ శివారు ఎన్‌ఫీల్డ్‌లో బార్క్లేస్ బ్యాంకు క్యాష్ మెషిన్ పెట్టింది. వెబ్ వచ్చాక 1994లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ ఫెడరల్ క్రెడిట్ యూనియన్ తన సభ్యులకు నెట్‌లో ఖాతా చూపించింది. 1995 అక్టోబరులో సెక్యూరిటీ ఫస్ట్ నెట్‌వర్క్ బ్యాంక్ పూర్తిగా ఇంటర్నెట్ మీదే నడిచే బ్యాంకుగా మొదలైంది. అదే కాలంలో నెట్‌స్కేప్ కంపెనీ ఎస్‌ఎస్‌ఎల్ అనే పద్ధతి తెచ్చింది. మీ కంప్యూటర్‌కీ బ్యాంకు కంప్యూటర్‌కీ మధ్య వెళ్ళే సమాచారాన్ని దారిలో ఎవరైనా పట్టుకున్నా చదవలేకుండా చేసేది అదే. అది లేకుండా నెట్‌లో బ్యాంకు తెరిచే ధైర్యం ఎవరూ చేసేవారు కాదు.

అయితే ఆ తొలి ఏళ్ళలో వేగం పెరిగింది మీ ఆదేశానికే. డబ్బు మాత్రం వెనకాల పాత నడకే నడిచేది, గంటలో రోజులో పట్టేది. అసలు మలుపు తక్షణ చెల్లింపులతో వచ్చింది. 2007లో కెన్యాలో ఎం-పెసా మామూలు ఫోన్లతోనే, బ్యాంకు ఖాతా లేనివాళ్ళ చేత కూడా డబ్బు పంపించింది. 2008లో బ్రిటన్‌లో ఫాస్టర్ పేమెంట్స్, 2016లో భారత్‌లో యూపీఐ, 2020లో బ్రెజిల్‌లో పిక్స్ వచ్చాయి. చెక్కుల కాలంలో పొరపాటు తెలిస్తే క్లియరింగ్ అయ్యేలోపు బ్యాంకుకు పరుగెత్తి స్టాప్ పేమెంట్ పెట్టించేవారు. ఇప్పుడు మీరు పిన్ కొట్టి ఫోన్ కింద పెట్టేలోపే అవతలి ఖాతాలో జమ అయిపోతుంది. ఆదివారమైనా, అర్ధరాత్రయినా ఆగదు. కింద చెప్పేవన్నీ ఈ ఒక్క మార్పు నుంచి పుట్టినవే.

పేరు చదవండి

2016 ఫిబ్రవరిలో హ్యాకర్లు బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు కంప్యూటర్లలోకి చొరబడ్డారు. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులో ఆ బ్యాంకుకు ఉన్న ఖాతా నుంచి దాదాపు 100 కోట్ల డాలర్లు బదిలీ చేయమని, బ్యాంకులు ఒకదానికొకటి ఆదేశాలు పంపుకునే స్విఫ్ట్ నెట్‌వర్క్ ద్వారా ఆదేశాలు పంపారు. అసలు బ్యాంకు పంపినట్టే కనిపించే ఆదేశాలు అవి. 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీన్స్ చేరి చేయి దాటిపోయాయి. శ్రీలంకకు పంపిన 2 కోట్లు మాత్రం ఆగాయి. ఎందుకో తెలుసా? డబ్బు అందుకోవాల్సిన సంస్థ పేరులో 'ఫౌండేషన్' అన్న మాట స్పెల్లింగ్ తప్పుగా ఉంది. ఈ బదిలీకి మధ్యవర్తిగా ఉన్న జర్మనీకి చెందిన డాయిష్ బ్యాంకులో అది గమనించి, ఇదేమిటని వివరణ అడిగారు. అంత పెద్ద వ్యవస్థలో 2 కోట్ల డాలర్లను కాపాడింది పేరును శ్రద్ధగా చదవడం. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు మా పాసింగ్ ఆఫీసర్లు గుర్తొచ్చారు.

పేరు కన్నా నంబరునే కంప్యూటర్ నమ్ముతుంది. కార్డు నంబరులో చివరి అంకె మిగతా అంకెల నుంచి లెక్కగట్టి పెట్టింది. ఐబీఎం ఇంజనీరు హాన్స్ పీటర్ లూన్ కనిపెట్టిన లెక్క అది. ఒక్క అంకె తప్పు కొట్టినా యంత్రం వెంటనే పట్టేస్తుంది. ఐరోపా ఖాతా నంబర్లలో ఇలాంటివి రెండు అంకెలుంటాయి. కానీ ఈ లెక్కలు చెప్పేది నంబరు సరిగ్గా ఉందా లేదా అన్నంతవరకే. అది ఎవరి నంబరో అవి చెప్పవు. చాలా చోట్ల ఖాతా నంబరు ఒక్కటీ సరిపోతే చాలు, పేరు ఏదని రాసినా డబ్బు జమైపోయేది. అందుకే ఒక్కో దేశం ఆలస్యంగానైనా పేరు చూపించే ఏర్పాటు తెచ్చింది. బ్రిటన్‌లో 2020లో వచ్చింది. భారత్‌లో బ్యాంకు ఖాతాల మధ్య డబ్బు పంపే ఎన్‌ఈఎఫ్‌టీ, ఆర్‌టీజీఎస్ పద్ధతులకూ, ఐరోపాలో యూరో వాడే దేశాల్లో యూరో బదిలీలకూ 2025లో వచ్చింది. యూపీఐలో పిన్ కొట్టే ముందే తెర మీద పేరు కనిపిస్తుంది.

ఆ పేరు కనిపించే రెండు క్షణాలే మీ పాసింగ్ ఆఫీసర్ ఉద్యోగం. అక్కడ ఆగండి. అక్షరం అక్షరం చదవండి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినా సరే, మీరు నిలబడి ఉన్న దుకాణం పేరో యజమాని పేరో అక్కడ రాకపోతే అడగండి. మీరు అనుకున్న పేరు కాకుండా వేరే పేరు వచ్చి, 'అది మా తమ్ముడి ఖాతా, పంపేయండి' అని అవతలి నుంచి సమాధానం వస్తే, పంపకండి. అది నిజమే అయినా రేపు తేడా వస్తే మీరు ఎవరికి పంపారో రుజువు చేసుకోవడం మీకు కష్టం.

కొత్తవాళ్ళకు మొదటిసారి పంపేటప్పుడు చిన్న మొత్తం పంపండి. వాళ్ళకు ఫోన్ చేసి అందిందో లేదో కనుక్కోండి. అందిందంటే మిగతాది పంపండి. ఇక్కడ చాలామంది చేసే పని ఒకటుంది: రెండోసారి నంబరు మళ్ళీ మొదటినుంచి కొడతారు. అలా కొడితే పరీక్షించిన ఫలితం పోయినట్టే. మొదటిసారి సేవ్ చేసిన పేరు మీదే నొక్కి పంపాలి. నంబరును మెసేజ్‌లోంచి కాపీ చేసి అతికించినా, చివరి నాలుగు అంకెలు కళ్ళతో పోల్చుకోండి. కాపీ చేసిన నంబరును మధ్యలో మార్చేసే వైరస్‌లు ఉన్నాయి.

వ్యాపారం చేసేవాళ్ళు ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఎన్నో ఏళ్ళుగా సరుకు పంపే సంస్థ నుంచి ఒకరోజు మెయిల్ వస్తుంది: 'మా బ్యాంకు మారింది, ఇకమీదట ఈ ఖాతాకు పంపండి.' మెయిల్ వాళ్ళదే, సంతకం వాళ్ళదే, బిల్లు మొత్తం కూడా సరిపోతుంది. వాళ్ళ మెయిల్‌లో ఎవరో దూరి కూర్చుంటే ఇవన్నీ సరిపోతాయి. ఖాతా నంబరు మారిందని ఎవరు చెప్పినా, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి, మీకు తెలిసిన గొంతుతో మాట్లాడి నిర్ధారించుకోండి. ఆ మెయిల్‌లో ఉన్న ఫోన్ నంబరుకు చేస్తే దొంగే ఎత్తుతాడు. ఫిర్యాదుల డెస్కులో నేను చూసిన పెద్ద నష్టాల్లో ఈ రకానివి మనసును బాగా కలచివేసేవి. డబ్బు పంపింది ఖాతాదారే, తన చేత్తోనే, సరైన పాస్‌వర్డ్‌తోనే. బ్యాంకు పుస్తకాల్లో అందులో తప్పేమీ కనిపించదు.

పిన్, ఓటీపీ అంటే మీ సంతకం

ఖాళీ చెక్కు మీద సంతకం చేసి ఫోన్‌లో పలకరించిన అపరిచితుడికి ఇస్తారా? ఓటీపీ చెప్పడం అంటే అదే. ఈ హెచ్చరిక మీరు వందసార్లు విని ఉంటారు కాబట్టి దాన్ని సాగదీయను. దానికన్నా తక్కువగా చెప్పేవి కొన్ని చెప్తాను.

ఓటీపీ మెసేజ్‌లో అంకెల కన్నా ముఖ్యమైనది చుట్టూ ఉన్న వాక్యం. ఎంత మొత్తానికి, ఎవరికి, ఏ పనికి అన్నది అందులో రాసి ఉంటుంది. ఐరోపా యూనియన్ నిబంధనల్లో అయితే ఆన్‌లైన్ చెల్లింపుకు వాడే కోడ్ ఆ మొత్తానికీ ఆ గ్రహీతకూ మాత్రమే చెల్లాలని స్పష్టంగా ఉంది. ఫోన్ ఆ అంకెలను తానే నింపేస్తోంది కాబట్టి మనం వాక్యం చదవడం మానేశాం. మళ్ళీ మొదలుపెట్టండి. 'కేవైసీ అప్‌డేట్' అని ఎవరో చెప్పిన పనికి వచ్చిన ఓటీపీలో 'కొత్త పరికరంలో యాప్ రిజిస్ట్రేషన్' అని ఉంటే, వాళ్ళ ఫోన్‌లో మీ ఖాతా తెరుచుకోబోతోందని అర్థం.

డబ్బు రావడానికి ఎక్కడా పిన్ అక్కర్లేదు. మా కాలంలో కూడా డబ్బు కట్టేందుకు సంతకం సరిచూసేవాళ్ళం కాదు, ఎవరు ఎవరి ఖాతాలోనైనా కట్టొచ్చు. సంతకం అడిగేది తీసేటప్పుడే. రీఫండ్ వస్తుంది, బహుమతి వస్తుంది, అద్దె అడ్వాన్స్ పంపుతాం, పిన్ కొట్టండి అని ఎవరన్నా సరే, అక్కడ డబ్బు మీ నుంచి పోతోందని అర్థం చేసుకోండి.

బ్రౌజర్‌లో తాళం గుర్తు చూసి నిశ్చింతగా ఉండేవాళ్ళు చాలామంది. దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే ఆ తాళం చెప్తుంది. దారి చివర కూర్చున్నది బ్యాంకా దొంగా అన్నది చెప్పదు. దొంగ సైట్లకూ ఆ తాళం దొరుకుతుంది. అందుకే అడ్రస్ చదవడం నేర్చుకోవాలి. మొదట్లో వచ్చే రెండు స్లాష్‌లు దాటాక మొదటి ఒంటి స్లాష్ ఎక్కడుందో చూసి, అక్కడి నుంచి ఎడమవైపుకు చదవండి. డాట్ కామ్ లాంటి తోకకు సరిగ్గా ముందున్న పేరే ఆ సైటు యజమాని. దానికన్నా ముందు మీ బ్యాంకు పేరు ఎంత అందంగా రాసి ఉన్నా లెక్కలోకి రాదు. భారత్‌లో బ్యాంకులన్నీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే ప్రత్యేక తోకకు మారాలని రిజర్వ్ బ్యాంక్ 2025లో ఆదేశించింది. బ్యాంకులకు తప్ప ఇంకెవరికీ ఇవ్వని తోక అది, కాబట్టి చూసి గుర్తుపట్టడం తేలిక. వీటన్నిటికన్నా సులువైన అలవాటు, మెసేజ్‌లో వచ్చిన లింకు నుంచి బ్యాంకులోకి ఎప్పుడూ వెళ్ళకపోవడం. యాప్ మీరే తెరవండి.

మీ ఫోన్‌లో సిగ్నల్ ఉన్నట్టుండి పోయి, పక్కవాళ్ళకు అదే కంపెనీ సిగ్నల్ వస్తుంటే ఊరుకోకండి. మీ పేరు మీద ఎవరో డూప్లికేట్ సిమ్ తీసుకుని ఉండొచ్చు. అప్పుడు ఓటీపీలన్నీ వాళ్ళకు వెళ్తాయి. వేరే ఫోన్ నుంచి టెలికాం కంపెనీకీ బ్యాంకుకీ వెంటనే చెప్పండి. మెయిల్ ఖాతా సంగతి కూడా మర్చిపోకండి. పాస్‌వర్డ్ మార్చే లింకులు అక్కడికే వస్తాయి కాబట్టి, బ్యాంకు పాస్‌వర్డ్ కన్నా మెయిల్ పాస్‌వర్డ్ గట్టిగా ఉండాలి. అది ఇంకెక్కడా వాడనిదై ఉండాలి. మీ ఫోన్ తెర వాళ్ళకు కనిపించేలా చేసే స్క్రీన్ షేరింగ్ యాప్ పెట్టించుకోమని అడిగినవాళ్ళ ఫోన్ కట్ చేయండి, మర్యాద కోసం చూడొద్దు.

ఆలస్యాన్ని మీరే తెచ్చుకోండి

వేగం బ్యాంకులకే ముప్పు తెచ్చిన సందర్భాలున్నాయి. 2007 సెప్టెంబరులో బ్రిటన్‌లో నార్తర్న్ రాక్ బ్యాంకు ముందు తమ డబ్బు వెనక్కి తీసుకోవడానికి జనం గంటల తరబడి క్యూ కట్టి నిలబడ్డారు, ఆ ఫోటోలు ప్రపంచమంతా చూసింది. అదే 2023 మార్చి 9న అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్లు తీయడానికి ఖాతాదారులు ఆదేశాలిచ్చారు, ఎక్కువమంది కూర్చున్నచోటు నుంచే. మర్నాటికి బ్యాంకు మూతపడింది. బ్యాంకుకే ఆలోచించుకునే వ్యవధి ఇవ్వని వేగం, భయంలో ఉన్న ఒక మనిషికి ఎక్కడ ఇస్తుంది?

మోసగాళ్ళకు కావాల్సింది మీ తొందర. పోలీసులమని బెదిరించినా, పిల్లాడికి యాక్సిడెంట్ అయిందని ఏడ్చినా, ఈ రోజే ఆఖరి అవకాశమన్నా, వాళ్ళు తీసేయాలని చూసేది మీ చేతిలోని ఐదు నిమిషాల్ని. ఆ ఐదు నిమిషాల్ని ముందే సెట్టింగుల్లో దాచిపెట్టుకోవచ్చు. యాప్‌లో రోజువారీ పరిమితి మీకు నిజంగా కావలసినంతకే తగ్గించండి. పెద్ద మొత్తం పంపాల్సి వస్తే ఆ రోజు పెంచుకుని మళ్ళీ తగ్గించండి. పెంచడానికి పట్టే సమయమే మీకు రక్షణ. విదేశీ లావాదేవీలు, కార్డు ఆన్‌లైన్ వాడకం అవసరం లేనప్పుడు ఆఫ్‌లో ఉంచండి.

నేను అందరికీ చెప్పేది రెండు ఖాతాల పద్ధతి. రోజువారీ చెల్లింపుల ఖాతా ఒకటి, ఫోన్ యాప్‌కు కట్టేది దాన్నే. పొదుపు ఇంకో ఖాతాలో, దానికి ఫోన్ చెల్లింపులు కట్టకుండా. నెల మొదట్లో ఖర్చులకు సరిపడా అటు నుంచి ఇటు వేసుకోండి. ఎంత పెద్ద మోసం జరిగినా పోయేది ఆ నెల ఖర్చు వరకే ఉంటుంది. కొంచెం ఇబ్బందిగా ఉంటుందని మా ఇంట్లోనే మొదట గొణిగారు. ఆ ఇబ్బందిని కావాలనే పెట్టానని చెప్పాను.

వారానికొకసారి టాలీ

బంగ్లాదేశ్ బ్యాంకు కథలో ఇంకో ముక్క ఉంది. పంపిన ఆదేశాల వివరాలన్నీ ఆ బ్యాంకు ఆఫీసులో ఒక ప్రింటర్ మీద అచ్చయి వచ్చేవి. దొంగతనం జరిగిన మర్నాడు ఉదయం ఆ ప్రింటర్ పనిచేయలేదు. హ్యాకర్లే దాన్ని ఆపేశారు. కాగితం రాలేదు కాబట్టి ఎవరూ చూడలేదు, చూడలేదు కాబట్టి వెంటనే తెలియలేదు. పైగా అది శుక్రవారం, అక్కడ సెలవు రోజు. లెక్క సరిచూసేవాళ్ళను ఆలస్యం చేస్తే చాలు, మిగతాది కాలమే చూసుకుంటుందని దొంగలకు బాగా తెలుసు.

మీకు వచ్చే అలర్టు మెసేజ్‌లే మీ ప్రింటర్. వాటిని మ్యూట్ చేయకండి. అలర్టు వస్తుంది కదా అని స్టేట్‌మెంట్ మానేయకండి, ఎందుకంటే అలర్టు రాకపోవడం అనేది కంటికి కనబడని విషయం. వారానికొకసారి ఒక నిర్ణయించుకున్న రోజున స్టేట్‌మెంట్ తెరిచి కింద నుంచి పైకి చదవండి. ప్రతి పద్దు దగ్గరా 'ఇది నేనే' అనుకోగలగాలి. గుర్తుపట్టలేని చిన్న పద్దును పెద్ద పద్దు కన్నా సీరియస్‌గా తీసుకోండి. దొంగిలించిన కార్డు పనిచేస్తోందో లేదో చూడటానికి ముందు అతి చిన్న మొత్తం లాగి చూస్తారు. దాన్ని వదిలేస్తే తర్వాతది పెద్దది.

ఆటో పే, స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ల జాబితాను యాప్‌లో ఎక్కడుందో వెతికి పట్టుకోండి. మూడు నెలలకోసారి చూసి, వాడనివి రద్దు చేయండి. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేస్తే దాని నెలవారీ చందా ఆగిపోతుందనుకునేవాళ్ళను నేను లెక్కలేనంతమందిని చూశాను. ఆగదు. స్టేట్‌మెంట్లను ఏడాదికొకసారి డౌన్‌లోడ్ చేసి మీ దగ్గర దాచండి. బ్యాంకు యాప్ చూపించే పాత లావాదేవీలకు ఒక పరిమితి ఉంటుంది, పాస్‌బుక్‌కు ఉండేది కాదు.

లెడ్జర్ ఎవరి దగ్గర ఉంది?

ఫోన్‌లో రంగురంగుల యాప్ బాలెన్స్ చూపిస్తుంది. ఆ డబ్బు ఏ సంస్థ పుస్తకంలో, ఎవరి పేరు మీద ఉందో అడగాలి. ఇది పాత లెడ్జర్ గుమాస్తా చాదస్తం అనుకోవద్దు. 2024 ఏప్రిల్‌లో అమెరికాలో సినాప్స్ అనే కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అది బ్యాంకు కాదు. ఖాతాదారులకు కనిపించే యాప్‌లకూ వెనకున్న అసలు బ్యాంకులకూ మధ్య లెక్కలు రాసే సంస్థ. అది కూలాక దాని లెక్కలకూ బ్యాంకుల లెక్కలకూ పొంతన కుదరలేదు. లక్షమందికి పైగా జనం తమ డబ్బు తీసుకోలేక ఇరుక్కుపోయారు. కోర్టు నియమించిన ట్రస్టీ తేల్చిన తేడా 6.5 కోట్ల నుంచి 9.6 కోట్ల డాలర్ల మధ్య ఉంది. డిపాజిట్ బీమా కూడా అక్కరకు రాలేదు, ఎందుకంటే ఆ బీమా బ్యాంకు మూతపడితే పనిచేస్తుంది. ఇక్కడ బ్యాంకులేవీ మూతపడలేదు. రోజూ సాయంత్రం టాలీ చేయాల్సిన పని ఎవరిదో వాళ్ళు చేయలేదు.

కాబట్టి డబ్బు దాచే ముందు యాప్ పేరు పక్కన పెట్టి, దాని నిబంధనల్లో బ్యాంకు పేరు వెతకండి. ఆ బ్యాంకు నియంత్రణ సంస్థ జాబితాలో ఉందో చూడండి. డిపాజిట్ బీమా ఎంతవరకో తెలుసుకోండి. భారత్‌లో ఒక మనిషికి ఒక బ్యాంకులో 5 లక్షల రూపాయలు, అమెరికాలో 2,50,000 డాలర్లు, ఐరోపా యూనియన్‌లో లక్ష యూరోలు. వాలెట్‌లో ఉన్న డబ్బు, షేర్లు, క్రిప్టో ఇందులోకి రావు.

అప్పు ఇచ్చే యాప్‌ల విషయంలో వడ్డీ శాతం చదివి ఆగిపోకండి, చేతికొచ్చేదెంత, కట్టాల్సిందెంత అన్నది చూడండి. పదివేలు అప్పు అని చెప్పి ఫీజు కింద 1,500 ముందే కోసుకుని, నెల తర్వాత పదివేలు కట్టమంటే, మీరు నిజంగా వాడుకున్నది 8,500. దాని మీద నెలకు 17 శాతం పైన, ఏడాదికి 200 శాతం దాటిన వడ్డీ. అప్పు ఇవ్వడానికి మీ ఫోన్‌లోని కాంటాక్టులూ ఫోటోలూ ఎందుకని అడిగి, ఇవ్వకపోతే కుదరదంటే ఆ యాప్ తీసేయండి. వాటి అవసరం వసూళ్ళలో మిమ్మల్ని అవమానించడానికే.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే

మొదటి గంటలో డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండే అవకాశం ఉంది. తర్వాత అది పది ఖాతాలకు చీలిపోతుంది. అందుకే ముందు ఫోన్, తర్వాత ఏడుపు. కార్డు వెనక అచ్చైన నంబరుకో, యాప్‌లో ఉన్న నంబరుకో చేయండి. ఇంటర్నెట్‌లో వెతికితే వచ్చే కస్టమర్ కేర్ నంబర్లలో దొంగలవి కలిసి ఉంటాయి, పోయిన డబ్బు మీద ఇంకా పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. భారత్‌లో అయితే సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు కూడా వెంటనే చేయాలి. ఖాతా, కార్డు బ్లాక్ చేయించి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఫోన్‌లో చెప్పిందే మెయిల్‌లో కూడా పెట్టండి. ఎన్ని గంటలకు చెప్పారన్నది తర్వాత మీ హక్కును నిర్ణయిస్తుంది.

ఆ హక్కులు దేశాన్ని బట్టి మారతాయి. భారత్‌లో రిజర్వ్ బ్యాంక్ 2017 నిబంధనల ప్రకారం తప్పు మీదీ బ్యాంకుదీ కానప్పుడు మూడు పనిదినాల్లోపు చెప్తే మీ మీద భారం పడదు. అమెరికాలో కార్డు పోయినా దొంగిలించినా రెండు పనిదినాల్లో చెప్తే మీ నష్టం 50 డాలర్లు దాటదు. మీ అంతట మీరే మోసపోయి పంపిన డబ్బుకు చాలా దేశాల్లో ఇంత రక్షణ లేదు. బ్రిటన్ మాత్రం 2024 అక్టోబరు నుంచి అలాంటి నష్టాన్ని కూడా 85,000 పౌండ్ల వరకు బ్యాంకులే భరించేలా నిబంధన పెట్టింది. మిగతా దేశాలు కూడా ఈ దారిలోకి రావాలని నా గట్టి కోరిక. వేగం అమ్ముకున్నవాళ్ళు వేగం వల్ల వచ్చే నష్టంలో భాగం పంచుకోవడం న్యాయం.

మోసం కాకుండా, ఖాతాలో డబ్బు తగ్గి అవతలికి చేరకపోతే కంగారు పడి వెంటనే మళ్ళీ పంపకండి. రెండూ చేరిపోవచ్చు. రిఫరెన్స్ నంబరు రాసుకుని ఆగండి. యూపీఐలో దుకాణానికి కాకుండా ఒక మనిషి ఖాతాకు పంపినప్పుడు ఇలా ఆగిన డబ్బు మర్నాటికల్లా వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని నిబంధన ఉంది. అడిగితే ఇస్తారు, అడగనివాళ్ళకు చాలాసార్లు గుర్తు చేసేవాళ్ళుండరు.

ఇంకొక్క కాగితం

పాస్‌బుక్కులు, డిపాజిట్ రసీదులు బీరువాలో ఉండే రోజుల్లో మనిషి పోయినా కుటుంబానికి ఆధారం మిగిలేది. ఇప్పుడు అన్నీ ఫోన్‌లో, ఆ ఫోన్ వేలిముద్రకే తెరుచుకుంటుంది. చనిపోయిన భర్తకు ఏ బ్యాంకులో ఏముందో తమకు తెలియక, మెయిల్‌లో ఏ ఆధారమూ దొరక్క మా డెస్కుకు వచ్చిన భార్యలు, తల్లి పెట్టిన డిపాజిట్ సంగతి ఏళ్ళ తర్వాత తెలిసిన పిల్లలు, వీళ్ళు నాకు ఇప్పటికీ గుర్తే. ఈ వారమే ప్రతి ఖాతాలో, ప్రతి ఫండ్‌లో, బీమాలో నామినీ పేరు ఉందో లేదో చూడండి. పెళ్ళికి ముందు పెట్టిన పేరైతే మార్చండి. ఒక తెల్ల కాగితం మీద ఏ సంస్థలో ఏ రకం ఖాతా ఉందో, నంబరులో చివరి నాలుగు అంకెలు ఏమిటో, ఏ అప్పులున్నాయో రాసి ఇంట్లో ఒకరికి చూపించి దాచండి. పాస్‌వర్డ్‌లు, పిన్‌లు దాని మీద రాయకండి. వారసులకు కావలసింది ఖాతా ఎక్కడుందన్న సమాచారం. మిగతాది మరణ ధ్రువీకరణ పత్రం, నామినీ గుర్తింపు కార్డు చూసి బ్యాంకు చేస్తుంది. పోయినవాళ్ళ పిన్‌తో డబ్బు తీయొద్దని కూడా వాళ్ళకు చెప్పి ఉంచండి. అలా తీసి, తర్వాత మిగతా వారసులకు సంజాయిషీ చెప్పుకోలేక చిక్కుల్లో పడ్డ కుటుంబాలున్నాయి. ఖాతాలు మారినప్పుడల్లా పాత కాగితం చింపేసి, తేదీ వేసి కొత్తది రాయండి.